నా సవతి రోలరు

మా ఆయన రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతాడో నేనొకసారి లెక్కపెట్టాను. పెళ్లయిన కొత్తలో, ఒక ఆదివారం, పనీపాటా లేక. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పంతొమ్మిది. అందులో "ఊఁ"లు పన్నెండు. మిగిలిన ఏడింట్లో రెండు పక్కింటి కుక్కతో.

అలాంటి మనిషిని పట్టుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, మొహాన లైటు కొట్టి, "మీ ముప్పై మూడేళ్ల సర్వీసులో అనుభవాలు చెప్పండి సార్" అంటే ఎలా ఉంటుంది? ఇప్పుడు నేను చెప్పబోయేది అదే. మధ్యమధ్యలో నాకు కోపం వస్తుంది, కాస్త ఓర్చుకోండి.

మాది ఫ్యాన్ల ఫ్యాక్టరీ. మాది అంటే మా సొంతం కాదు తల్లీ, మేం పనిచేసేది. హెడ్డాఫీసు ఎక్కడో సముద్రాల అవతల ఉంది. ఇలాంటి ఫ్యాక్టరీలు పదకొండు దేశాల్లో ఉన్నాయి. మేం చేరాక కంపెనీ పేరు నాలుగుసార్లు మారింది. యూనిఫారం రంగు ఆరుసార్లు మారింది, అందులో ఒకసారి అందరం వంకాయల్లా ఉన్నాం. క్యాంటీన్ టీ మాత్రం మారలేదు. మా ఆయనది టేబుల్ ఫ్యాన్ల లైన్లో ఆఖరి చెకింగు. దాని పక్కనే నా ప్యాకింగు బల్ల. ఆయనకి ముప్పై మూడేళ్ల సర్వీసు, నాకు ముప్పై ఒకటి.

పని ఏమిటంటే, ఫ్యాను ఆయన ముందుకొస్తుంది. ప్లగ్గు పెడతాడు. ఒకటో స్పీడు, రెండు, మూడు. ఫ్యాను మెడ అటూ ఇటూ తిరుగుతోందో లేదో చూస్తాడు. ఆపుతాడు. ఆఖర్న ముందు జాలీ మీద చిన్న చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. టంగ్, టంగ్. నా వైపు పంపిస్తాడు. నేను తలెత్తి అందుకుని, అట్టపెట్టెలో పెట్టి, మూతేసి టేపు లాగుతాను. చర్ర్ర్. మిగతా ఆడవాళ్లకి మొగుడితో మాటలుంటాయి, నాకు ఈ చప్పుళ్లున్నాయి.

ఆ రెండు దెబ్బల సంగతి చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఆయన స్క్రూడ్రైవర్ పిడితో కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా నేను తలెత్తేదాన్ని. ఆయన ఒక్క క్షణం చూసి మళ్లీ ఫ్యాన్లో తల పెట్టేసేవాడు. రెండేళ్లు ఇదే వరస. చూపుల్తోనే ముసలివాళ్లమైపోతామేమో అని నాకు బెంగ పట్టుకుంది. చివరికి ఒకరోజు సైరన్ మోగాక నా బల్ల దగ్గరికొచ్చి, "రేపు మా అమ్మని తీసుకుని మీ ఇంటికి వస్తాను" అన్నాడు. ఆయన అంత పెద్ద వాక్యం మాట్లాడటం ఫ్యాక్టరీలో ఎవరూ వినలేదు. పెళ్లయ్యాక అడిగాను, "ఏమండీ, ఆ టంగ్ టంగ్ నాకోసమేనా?" అని. "మరెవరి కోసం?" అన్నాడు. రెండే రెండు మాటలు. ఆ రెండింటి మీద ముప్పై ఏళ్లు కాపురం చేశాను నేను.

ఇంతలో ఏమైందో వినండి. పెళ్లయిన ఏడాదికి హెడ్డాఫీసు నుంచి ఒక పొడుగాటి మనిషి నోటుబుక్కు పట్టుకుని దిగాడు. మా లైన్లో పాడైన ఫ్యాన్లు అన్ని దేశాలకన్నా తక్కువట, ఎందుకో కనిపెట్టాలట. మూడ్రోజులు మా ఆయన వెనక కొంగలా నిలబడ్డాడు. ఆయన ఏం చేస్తే అది రాసుకున్నాడు. మూడోరోజు, "ఈ రెండు దెబ్బలు ఎందుకు?" అని మా సూపర్‌వైజర్ని అడిగాడు. మా సూపర్‌వైజరు పుట్టి బుద్ధెరిగాక "తెలియదు" అన్న మాట అనలేదు. "శబ్ద పరీక్ష సార్! వదులుగా ఉన్న స్క్రూ ఉంటే మోత మారిపోతుంది" అన్నాడు. అసలు కారణం తెలిసిన మనిషి రెండడుగుల దూరంలో ఉన్నాడు, ఆయన్నెవరూ అడగలేదు. అడగనిదే చెప్పడం ఆయన వంట్లోనే లేదు.

అంతే, అది పుస్తకంలోకి ఎక్కింది. ఆఖరి చెకింగు, పదిహేడో స్టెప్పు: జాలీ మీద రెండు దెబ్బలు. పదకొండు దేశాల్లో నేర్పించారు. సుత్తి ఎంత పొడవుండాలో, ఏ చెక్కతో చెయ్యాలో బొమ్మ గీసి పంపించారు. ఒక దేశం నుంచి ఉత్తరం వచ్చింది, ఎడమచేతి వాటం వాళ్లు ఏ వైపు నుంచి కొట్టాలి అని. దానికి జవాబివ్వడానికి కమిటీ వేశారు. కమిటీకి ఎనిమిది నెలలు పట్టింది.

నేను మాత్రం గాల్లో తేలిపోయాను. ఎవరి మొగుడైనా పెళ్లానికి పూలు తెస్తాడు, గాజులు తెస్తాడు. నన్ను పిలవడానికి నా మొగుడు కొట్టిన దెబ్బలు పదకొండు దేశాల్లో కొడుతున్నారు! ఈ మాట మా అక్కతో కనీసం రెండొందల సార్లు చెప్పి ఉంటాను. "నీ పిచ్చి నీకానందం" అనేది అది.

మా ఆయనకి కూడా ఆ దెబ్బలు ఒంటికి పట్టేశాయి. ఇంట్లో అన్నిటినీ కొట్టి చూస్తాడు. గ్యాస్ సిలిండరు, కొత్త చెప్పులు, బాత్రూం తలుపు, గుమ్మడికాయ. మా అమ్మాయికి సంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు భుజం మీద రెండుసార్లు తట్టి, వినడానికన్నట్టు తల వంచాడు. నేను సిగ్గుతో చచ్చాను. "పర్లేదు" అన్నాడు బయటికొచ్చాక. మా అల్లుడు ఇప్పటికీ ఆయన్ని చూస్తే భుజం ముందుకు పెడతాడు.

అలా హాయిగా సాగిపోతున్న కాపురంలో మొన్నామధ్య నిప్పులు పడ్డాయి.

కంపెనీకి ఏవో ఏళ్లు నిండుతున్నాయని, పాత ఉద్యోగులతో సినిమా తీస్తామని హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మా ఫ్యాక్టరీ నుంచి ఇద్దర్ని ఎంచారు. ఫ్యాన్లకి రంగులేసే పెయింటు షాపు అన్నయ్య ఒకరు, పదిహేడో స్టెప్పు కనిపెట్టిన మహానుభావుడిగా మా ఆయన ఒకరు. ముప్పై ఒక్కేళ్లు టేపు లాగిన నన్ను ఎవరూ పిలవలేదు. సరే, నా సంగతి వదిలెయ్యండి. వదిలెయ్యకండి అసలు, గుర్తుపెట్టుకోండి. ముందుగా నింపివ్వమని మా ఆయనకి ఒక కాగితం ఇచ్చారు. చొక్కా ఉతకబోతూ జేబు తడిమితే అది నా చేతికొచ్చింది.

"ఈ పద్ధతిని మీరు మొదట ఎందుకు ప్రారంభించారు?" అని అచ్చులో ఉంది. కింద మా ఆయన దస్తూరీ: "రోలర్ వల్ల."

నా గుండెలో రాయి పడింది. రోలరా? ముప్పై ఏళ్లు నాకోసమే అనుకున్న టంగ్ టంగ్ రోలర్ కోసమా? ఇంకో ఆడదైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఫ్యాన్లు జారే బల్లకుండే ఇనప రోలర్‌ని ఏం చెయ్యను? లోకంలో ఎవరికైనా రోలరు సవతి అయిందా అండీ?

పరిగెత్తుకెళ్లి అడిగాను, "ఏ రోలరండీ?" అని.

"పాత రోలరు" అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఇంకో ప్రశ్న వేసి ఉంటే తేలిపోయేదే. కానీ నోరు రాలేదు. అడిగాక, "అవును, నీకోసం కాదు" అంటే? ఆయన అబద్ధం ఆడడు. ఆ భయంతో ఊరుకున్నాను, కోపం అనే పేరు పెట్టుకున్నాను. మా అక్కకి ఫోన్ చేసి ఏడిస్తే, "కూతురి పెళ్లి చేశాక నీకిదేం పోయేకాలమే, దేనికి కొడితే ఏం?" అంది. దానికేం తెలుసు? దాని మొగుడు గంటకోసారి బంగారం, బుజ్జీ అంటాడు. నాకున్నవి రెండు దెబ్బలే. అవి కూడా నావి కాకపోతే నాకేం మిగిలినట్టు?

ఆ పూట నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. మూడ్రోజులదాకా ఆయనకి తెలియలేదు. నాలుగోరోజు కూర కలుపుకుంటూ, "ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇలా లాభం లేదని ఫ్యాక్టరీలో దెబ్బ కొట్టాను. ఆయన టంగ్ టంగ్ అన్నా నేను తలెత్తలేదు. కింద చూస్తూనే ఫ్యాను అందుకుని పెట్టెలో పెట్టాను. రెండో ఫ్యానుకీ ఎత్తలేదు. పదో ఫ్యానుకి ఆయన చెయ్యి ఆగింది. పదకొండో ఫ్యానుకి టంగ్, టంగ్, కాస్త ఆగి ఇంకో టంగ్. మూడు దెబ్బలు! లైను మొత్తం మావైపు తిరిగింది. క్వాలిటీ పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అంకుల్, రూలు ప్రకారం రెండే" అంటూ ఆ ఫ్యానుకి ఎర్రచీటీ అంటించి పక్కన పెట్టించింది. పాపం ఆ ఫ్యాను నిక్షేపంలా ఉంది. ముప్పై మూడేళ్లలో ఆయనకి అది మొదటి ఎర్రచీటీ. నాకు జాలేసింది, కానీ తల మాత్రం ఎత్తలేదు. నా పంతం నాది.

శనివారం లైను ఆపి షూటింగు పెట్టారు. నన్ను పిలవకపోయినా వెళ్లాను. "ఆయనకి గొంతు ఆరిపోతుంది, నీళ్లు పట్టుకోవాలి" అని చెప్పాను. ఆయన నోట్లోంచి ఏం వస్తుందో నా చెవులతో వినాలి, అంతే. నాకోసం కాదని తేలితే ఆదివారం మా అక్క దగ్గరికి వెళ్లిపోదామని సంచీ కూడా సర్దుకున్నాను.

చెకింగు బల్ల దగ్గర లైట్లు పెట్టారు. కెమెరా పట్టుకున్న అమ్మాయి, చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకున్న మైకు ఆయన, ప్రశ్నలు అడగటానికి హెడ్డాఫీసు ఆయన. ఆ హెడ్డాఫీసు ఆయన మన భాష వాడే, అక్కడ పన్నెండేళ్లుండి వచ్చాడట. ప్రతి మాటకీ రెండు చేతులూ గాల్లో తిప్పుతాడు. మైకు ఆయన నేల మీద వైర్లన్నీ టేపుతో అంటించి, మిగిలిన టేపు చుట్ట నా చేతిలో పెట్టాడు. "కాస్త పట్టుకోండమ్మా. కెమెరా వెనకాల కూర్చోండి. ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి, ఈ మైకు చీమ తుమ్మినా పట్టేస్తుంది" అన్నాడు.

ముందు పెయింటు అన్నయ్యని కూర్చోబెట్టారు. "మీ ప్రయాణం చెప్పండి" అన్నారు. ఆయన పుట్టిన ఆస్పత్రి దగ్గర మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలకి రెండో క్లాసుకొచ్చాడు. నలభై నిమిషాలకి ఫ్యాక్టరీ గేటు కనపడింది గాని, లోపలికి వెళ్లకుండా గేటు రంగు గురించి ఎత్తుకున్నాడు. బ్యాటరీ అయిపోయిందని చెప్పి లేపేశారు.

తర్వాత మా ఆయన. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. కూర్చుంటూ అలవాటుకొద్దీ కుర్చీ చేతిమీద రెండుసార్లు తట్టాడు. మైకు ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ముప్పై మూడేళ్లు ఒకే కంపెనీలో! ఎలా అనిపిస్తోంది సార్?" అన్నాడు హెడ్డాఫీసు ఆయన.

"బాగుంది."

"ఇన్నేళ్లలో మీరు చూసిన పెద్ద మార్పు?"

"బెల్టు."

"కొంచెం వివరంగా..."

"ఇదివరకు రోలర్ల బల్ల. ఇప్పుడు బెల్టు."

రోలర్ల మాట వినగానే నా పళ్లు బిగుసుకున్నాయి.

"కొత్తగా చేరేవాళ్లకి మీ సందేశం?"

మా ఆయన చాలాసేపు ఆలోచించాడు. లైటుకి నుదుటి మీద చెమట పట్టింది. "ప్లగ్గు తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగకూడదు" అన్నాడు.

హెడ్డాఫీసు ఆయన ఒక గుక్క నీళ్లు తాగి ముందుకు వంగాడు. "ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈరోజు పదకొండు దేశాల్లో వేలమంది చేతులు మీ బాటలో నడుస్తున్నాయి!" చేతులు నడవడమేమిటో నాకు అర్థం కాలేదు. "పదిహేడో స్టెప్పు. ఆ శబ్ద పరీక్ష ఆలోచన మీకెలా వచ్చింది?"

నా గుండె దడదడా కొట్టుకుంటోంది. చీమ తుమ్మినా పట్టే మైకు దీన్ని పట్టదా అనిపించింది.

"రోలర్ వల్ల" అన్నాడు మా ఆయన.

"అంటే?"

"నాకూ ప్యాకింగుకీ మధ్య ఆఖరి రోలరు పట్టేసేది. ఫ్యాను దాని మీద ఆగిపోయేది. జాలీ మీద రెండు తగిలిస్తే ముందుకు కదిలేది."

హెడ్డాఫీసు ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "అంటే... శబ్ద పరీక్ష కాదా?"

"కాదండి."

"మోత... స్క్రూలు..."

"అబ్బే."

నాకు కళ్లలో నీళ్లొచ్చేశాయి. నిజంగానే రోలరన్నమాట. పదకొండు దేశాలూ కలిసి నన్నే వెక్కిరిస్తున్నట్టుంది. లేచి వెళ్లిపోదామంటే కుర్చీ చప్పుడవుతుంది. సర్దుకున్న సంచీ గుర్తొచ్చింది.

హెడ్డాఫీసు ఆయన మొహం తుడుచుకుని, కాస్త ఆశగా అడిగాడు, "ఆ రోలరు ఇప్పటికీ పట్టేస్తోందా?"

"లేదండి. ఆవిడ పనిలో చేరిన మూడో నెల్లోనే ఆ రోలరు మార్చేశారు."

"ఎవరావిడ?"

"ప్యాకింగు."

"మరి రోలరు బాగైపోయాక, ఇన్నేళ్లూ ఎందుకు కొట్టారు సార్?"

మా ఆయన చేతులకేసి చూసుకున్నాడు. ఇక ఒక "ఊఁ" అని ఊరుకుంటాడనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు.

"ఆదివారం మార్చారు. సోమవారం పొద్దున్న మొదటి ఫ్యాను కొట్టకుండానే పంపాను. సాఫీగా వెళ్లింది. ఆవిడ తలెత్తలేదు. వంచిన తల వంచినట్టే టేపు వేసుకుంటోంది. రెండోది పంపాను. అప్పుడూ ఎత్తలేదు. నాకు ఏదోలా అయింది. అన్నం సయించనట్టు. మూడోది కొట్టాను. ఎత్తింది. ఇక మానలేదండి. ఈ వారం ఏమైందో, కొట్టినా ఎత్తటం లేదు. మూడుసార్లు కొట్టి చూశాను, ఎర్రచీటీ వచ్చింది. తప్పు నాదేదో ఉంటుంది. ఏమిటో తెలియటం లేదు."

నేను లెక్కపెట్టలేదు గాని, నలభై మాటలు దాటి ఉంటాయి. రెండు రోజుల కోటా ఒక్కసారి ఖర్చుపెట్టేశాడు, అది కూడా అంతమంది ముందు. నాకు ఏడుపు, నవ్వు, సిగ్గు అన్నీ ఒకేసారి వచ్చాయి. లేచి అరుద్దామంటే ఏమని అరవను? చేతిలో చూస్తే టేపు చుట్ట ఉంది.

కొస పట్టుకుని బారెడు లాగాను. చర్ర్ర్ర్ర్!

"అమ్మో, నా చెవులు!" అని మైకు ఆయన డిప్పలు పీకి పారేశాడు. కెమెరా అమ్మాయి ఎగిరిపడింది. మా ఆయన మాత్రం చటుక్కున తలెత్తి, లైటుకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని, చీకట్లో నేనెక్కడున్నానో వెతుక్కుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ నవ్వు నేను మా పెళ్లిలో కూడా చూడలేదు.

హెడ్డాఫీసు ఆయన మాత్రం తల పట్టుకుని కూర్చున్నాడు. ఈ స్టెప్పు తీసేద్దామంటే పద్నాలుగు సంతకాలు కావాలట. పైగా ఎడమచేతి కమిటీలో పనిచేసిన ఒకాయన ఇప్పుడు కంపెనీకే పెద్దట. "సార్, శబ్ద పరీక్ష అని ఒక్క మాట అనెయ్యండి, బతికిపోతాను" అని మా ఆయన్ని బతిమాలాడు. "అబద్ధం కదండీ" అన్నాడు మా ఆయన. బతిమాలీ బతిమాలీ ఆయనే అలిసిపోయి, పదిహేడో స్టెప్పు ఎలా ఉందో అలాగే ఉండనిమ్మని లైట్లు ఆర్పించాడు.

ఇంటికొస్తూ బస్సులో అడిగాను, "ఇన్నేళ్లూ ఇదంతా నాకెందుకు చెప్పలేదండీ?" అని.

"మరెవరి కోసం అని చెప్పానుగా" అన్నాడు.

ఇంటికెళ్లగానే సంచీ విప్పేశాను. "ఎక్కడికి ప్రయాణం?" అని అడిగాడు. "మీ రోలర్ దగ్గరికి" అన్నాను. "ఊఁ" అన్నాడు. సోమవారం పొద్దున్న మొదటి ఫ్యానుకే తలెత్తాను. ఎందుకైనా మంచిదని ఆయన కొట్టకముందే ఎత్తాను. అయినా కొట్టాడు.

రెండు నెలలకి సినిమా వచ్చింది. క్యాంటీన్లో తెర కట్టి అందరికీ చూపించారు. పెయింటు అన్నయ్య నాలుగు సెకన్లు కనిపించి "నేను పుట్టింది" అన్నాడు, అంతే. మా ఆయన ఏడు సెకన్లున్నాడు. ప్లగ్గు సందేశం ఒకటి, దాని వెనకే ఆ నవ్వు. మిగతా మాటలన్నీ కోసేశారు, చర్ర్ర్ కూడా కోసేశారు. ఏమీ లేనిదానికి ఒక పెద్దాయన పక్కకి తిరిగి నవ్వుతుంటే, కింద "పనిలోనే ఆనందం" అని అక్షరాలు పడ్డాయి. పదకొండు దేశాల్లో ఇదే చూపిస్తారట.

"బావగారు అంతలా నవ్వుతున్నారు, దేన్ని చూసమ్మా?" అని అడిగాడు నా పక్కన కూర్చున్న పెయింటు అన్నయ్య.

"ఏమో అన్నయ్యా. ఎవరో టేపు లాగినట్టున్నారు" అన్నాను.